స్మాష్ కొట్టే భుజం

భీమవరం క్లబ్బులో షటిల్ కోర్టు పక్కన, భుజానికి కట్టుతో బల్లమీద కూర్చుని ఉంది అక్క. తన బదులు జిల్లా జట్టులోకి వెళ్తున్న పిన్ని కూతురు వచ్చి పక్కన చేరింది.

"అక్కా, స్మాష్ కొడితే భుజం కలుక్కుమంటోంది. కోచ్ గారికి చెప్పనా?"

"చెప్తే జట్టులోంచి తీసేస్తారు. బాబాయిగారైతే రాకెట్ అటకెక్కించేస్తారు."

"రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నాను."

"కొబ్బరినూనె కాచి రాయించుకో. ఆటన్నాక ఆమాత్రం నొప్పులుండవేంటి?"

"నీకూ ఇలాగే మొదలైందా?"

అచ్చం ఇలాగే. అక్క చెయ్యి కట్టుమీదికి పోయింది. కోర్టులోంచి ఎవరో చిన్నదాన్ని పేరుపెట్టి పిలిచారు. మొన్నమొన్నటిదాకా ఆ పిలుపు తనది.

"లేదమ్మా, నేను మెట్లమీద జారిపడ్డాను. వెళ్ళు, పిలుస్తున్నారు. గట్టిగా కొట్టు."