తెర మీద రెండో మెదడు

బిష్కెక్‌లో ఒక ఆస్పత్రి, మెదడు చిత్రాలు తీసి పరిశోధన చేసే విభాగం. డాక్టర్ జీబెక్ గదిలో గుర్రమెక్కి మేక కళేబరాన్ని లాక్కునే ఆట ఆడే ఎలమాన్, అతని భార్య బూరుల్ కూర్చుని ఉన్నారు.

"అయితే ఆ కుడి పక్కనున్నది నా బుర్ర కాదన్నమాట."

"కాదు ఎలమాన్. నీది ఎడమ పక్కది. రెండోది పొరపాటున తెర మీద ఉండిపోయింది. తీసేస్తానుండు."

"ఉండనివ్వండి జీబెక్ అక్కా, చూడనివ్వండి. నాకన్నా అధ్వాన్నంగా ఉందే. ఈ నల్లగా ఉన్న చోట్లేగా దెబ్బతిన్నట్టు?"

"ఊఁ."

"ఎవరో గానీ పాపం, గుర్రం మీద కన్నా గుర్రం కిందే ఎక్కువున్నాడు. ఏ జట్టు? మా నారిన్ వాడేనా, తలాస్ వాడా?"

"పేర్లు చెప్పకూడదు."

"పేరొద్దులెండి, జట్టు చెప్పండి. బూరుల్, చూశావా? ఆట మానెయ్యి మానెయ్యి అని నా ప్రాణం తీస్తావు గానీ, నాకన్నా ఘనులున్నారు."

"చూశాను."

"అటు తిరిగి కూర్చుని చూశానంటుంది. ఇటు చూడవే."

"చూశానన్నానుగా."

"ఎలమాన్, నీ సంగతికొద్దాం. మెదడులో ఒక్కో పని ఒక్కో ఊరనుకో. ఊళ్ళ మధ్య దారులుంటాయి. ఇక్కడ కోపం పుడితే, దాన్ని ఆపే ఊరికి కబురు వెళ్ళాలి. నీకా దారి సగం పూడిపోయింది. చెవి పైన ఇదిగో, ఇక్కడ మచ్చ కూడా పడింది."

"పూడితే పూడింది. మా దోలోన్ కనుమ ఏటా మంచుకి మూసుకుపోతుంది, మళ్ళీ తెరుచుకోవడం లేదా? ఆదివారం ఫైనల్ అక్కా. ఆడొచ్చని మా కోచ్‌కి ఫోన్లో ఒక్క మాట చెప్పండి, చాలు."

"పొద్దున లేచేసరికి ఒళ్ళంతా నొప్పులుంటాయా?"

"ఆడేవాడికి నొప్పులుండవా?"

"ఆట లేని రోజుల్లో?"

"అప్పుడప్పుడూ. ఎందుకు?"

"నిద్రలో నాలుక కరుచుకుంటావా?"

"అది మీకెలా తెలుసు? బూరుల్, నువ్వు చెప్పావా?"

"నేనేం చెప్పలేదు."

"ఆమె చెప్పలేదు. ఆ మచ్చ చూసి అడిగాను. ఆదివారం ఆట లేదు తమ్ముడూ. ఇక ఎప్పుడూ లేదనే అనుకో."

"అలా అనకండి అక్కా. పరిగెత్తే గుర్రం మీంచి వంగి మేక కళేబరాన్ని ఒంటిచేత్తో లేపేవాణ్ణి మా జట్టులో నేనొక్కణ్ణే. ఇప్పుడు టోపీ కూడా పెట్టుకుంటున్నాను. ట్యాంకుల్లో సైనికులు పెట్టుకునేది, దళసరి తోలుది."

"టోపీ పుర్రెని కాస్తుంది. లోపల ఊగిపోయే మెదడునెవరు కాస్తారు? కింది అంతస్తుకి వెళ్ళు. తలకి తీగలు తగిలించి పరీక్ష చేస్తారు. అది చూశాకే తక్కిన మాట."

"పద బూరుల్."

"బూరుల్ ఇక్కడుంటుంది. పోలిక కోసం తన మెదడు కూడా తీశాం కదా. రెండు మాటలడగాలి."

"గుర్రమెక్కని మనిషిని అడగడానికేముంటుంది?"

"అందుకే తీసింది. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే కొండగాలి. తేడా అంతా గుర్రమే అవ్వాలి. వెళ్ళు, వాళ్ళు కాచుకుని ఉంటారు."

"సరే, వెళ్తున్నా. కాస్త టీ ఇప్పించండి దానికి. పొద్దున్నుంచీ రొట్టె ముక్క కూడా ముట్టలేదు."

"ఇప్పిస్తాను. తలుపు దగ్గరగా వేసి వెళ్ళు... వెళ్ళాడు. బూరుల్, ఆ రెండోది నీది."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఆయన నవ్వుతున్నంతసేపూ మీరు నా వైపు చూడలేదు."

"తలకి ఎప్పుడూ దెబ్బ తగల్లేదని చెప్పావు నాకు."

"తగల్లేదు."

"బూరుల్."

"చిన్నవి ఎవరికి తగలవక్కా? మా మెట్ల మీద మంచు పేరుకుంటుంది."

"జారిపడితే ఒకసారి తగులుతుంది. ఇవి ఒకసారివి కావు. కొన్ని పాతవి, కొన్ని ఈ చలికాలానివి."

"ఆవు తన్నింది."

"మంచా, ఆవా?"

"రెండూ."

"మాటలు మర్చిపోతున్నావా?"

"లేదు."

"నన్ను చూసి చెప్పు."

"మొన్న మా అమ్మాయి పేరు గుర్తు రాలేదు. సెజిమ్ నా ఎదురుగానే ఉంది. ఏయ్, ఇటు రా అన్నాను. ఎందుకమ్మా అలా పిలుస్తావ్ అని బిక్కమొహం వేసింది."

"ఎవరు కొడుతున్నారు నిన్ను?"

"ఎవరూ కొట్టరు."

"ఎలమానేనా?"

"ఆయన అలాంటివాడు కాదు."

"భయపడకు. ఈ మాట ఈ గది దాటదు."

"అలాంటివాడు కాదన్నాను కదా. నాకు చేతులు వణుకుతున్నాయని పిల్లకి జడలు కూడా ఆయనే వేస్తాడు."

"జడలు వేసేవాళ్ళూ కొడతారు. చాలామందిని చూశాను."

"మీకు చెప్పినా అర్థం కాదక్కా."

"నాకు అర్థం కాకపోతే పోనీ, ఇది నువ్వు అర్థం చేసుకో. ఇంకో దెబ్బ తగిలితే నువ్వు లేవకపోవచ్చు. ఈ ఊళ్ళోనే ఆడవాళ్ళని దాచే ఇల్లొకటుంది. పిల్లని కూడా ఉండనిస్తారు. ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"పిల్ల టోక్‌మోక్‌లో మా అక్క దగ్గరుంది. వస్తూ దారిలో దింపాను."

"అతనికి తెలుసా?"

"ఈ పూటకే అనుకుంటున్నాడు."

"అంటే నువ్వు ముందే అనుకుని..."

"అక్కా, వస్తున్నాడు."

"తీగలు పెట్టే అమ్మాయి భోజనానికెళ్ళిందట. ఏం మనుషులో, మళ్ళీ రమ్మన్నారు. ఏమిటి, మొహాలలా ఉన్నాయేం? బూరుల్, ఏడ్చావా?"

"లేదు."

"ఏడ్చింది. అక్కా, ఏమన్నారు దాన్ని?"

"బూరుల్, చెప్పనా?"

"చెప్పండి."

"కూర్చో ఎలమాన్."

"నిలబడే వింటాను."

"ఇందాక ఏ జట్టని అడిగావు కదా. ఆ మెదడు నీ భార్యది."

"మీరు మార్చేసుంటారు."

"మార్చలేదు. నాకూ నమ్మకం కలగక రెండోసారి తీయించాను."

"ఇది గుర్రమెక్కదు. దీనికెందుకుంటుంది?"

"ఎవరో తల మీద కొడుతున్నారు. చాలాకాలంగా."

"ఎవడు?"

"నువ్వే చెప్పాలి."

"నేనా? నేను దీని మీద చెయ్యెత్తానా? బూరుల్, చెప్పు, ఎప్పుడైనా? మాట్లాడవేం?"

"గొంతు తగ్గించు ఎలమాన్. నా ముందు నాటకాలొద్దు."

"నాటకమా? ఆవు తన్నిందని చెబితే, చూడి ఆవుని, పిల్ల దాని మెడ పట్టుకుని ఏడుస్తున్నా వినకుండా సంతకి తోలేశాను. మంచు మీద జారానంటే ఆ మెట్లు గునపంతో పగలగొట్టి మళ్ళీ కట్టాను. నేను బయట మెట్లు కడుతుంటే లోపలెవడో దీన్ని కొడుతున్నాడా? మా తమ్ముడేనా? తాగొస్తాడు మెదెర్ వెధవ. వాడేనా?"

"మెదెర్ కాదు."

"మరెవడు? నేను ఇంట్లో ఉండగా నా గుమ్మం తొక్కే మగాడెవడు?"

"ఒక్క క్షణం ఆగు. ఎలమాన్, ఆవు తన్నిందని బూరుల్ చెప్పిన పొద్దున, నీకు ఒళ్ళు నొప్పులున్నాయా?"

"ఇప్పుడు నా నొప్పుల గొడవెందుకు?"

"ఉన్నాయా, లేవా?"

"ఉన్నాయి. నోట్లో రక్తం కూడా ఉంది. నేను దీన్ని ఎత్తుకుని కార్లో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాను, అక్కడ నర్సు నా నోరు కూడా చూసింది. అయితే ఏంటి?"

"దేవుడా."

"ఏంటక్కా? నాకర్థమయ్యేలా చెప్పండి."

"నేను కాదు. బూరుల్ చెప్పాలి. బూరుల్, అతను కావాలని చేసింది కాదు, మందులున్నాయి దీనికి. కానీ అంతమాత్రాన నువ్వు ఆ ఇంటికి తిరిగి వెళ్ళాలని లేదు. వింటున్నావా?"

"వింటున్నానక్కా."

"దీనికి అంటే దేనికి? ఇద్దరూ నన్ను పక్కన పెట్టి మాట్లాడుకుంటారేం? పేరు చెప్పు బూరుల్. వాడి చెయ్యి విరవకపోతే అడుగు."

"ముందు కారు తాళాలు డాక్టరక్క బల్ల మీద పెట్టు."

"తాళాలెందుకు?"

"పెట్టు."

"పెట్టాను. ఇప్పుడు చెప్పు."

"కూర్చో."

"కూర్చున్నాను. చెప్పవే. ఎవడు?"

"నేను సెజిమ్ దగ్గరికి పోతున్నాను. నువ్వు నాతో రావద్దు. అక్క ఉండమన్నన్ని రోజులు ఇక్కడే మంచం మీదుండు, ఇచ్చిన మందు మింగు. రాత్రుళ్ళు నిద్రలో నీకు మూర్ఛ వచ్చి ఒళ్ళు బిగుసుకుపోతుంది సెజిమ్ నాన్నా. తర్వాత లేస్తావు. కళ్ళు తెరిచే ఉంటాయి, పిలిస్తే పలకవు. పడిపోతావేమోనని పట్టుకోబోతే, ఆటలో మేకని లాగినట్టు లాగి గోడకేసి విసురుతావు. విసిరేదీ నువ్వే, తెల్లారాక నా తలకి కట్టు కట్టి, ఎలా తగిలిందే అని కళ్ళనీళ్ళు పెట్టుకునేదీ నువ్వే."