అమ్ముడుపోయిన నాలుగో అధ్యాయం

కాపీనా? నేనా, మనోరమ మేడం? నాలుగేండ్ల సంది మీ దగ్గర ఫిలాసఫీల పీహెచ్‌డీ చేస్తున్న అల్మాస్‌నేనా మీరనేది?

ఏమన్నది ఆ సాఫ్ట్‌వేర్? నా నాలుగో అధ్యాయం మొత్తం పరాయి దేశపు పిలగాని అసైన్‌మెంట్లల్ల ఉన్నదన్నదా? ఉంటది మేడం, ఎందుకుండదు? నేనే గద అమ్మిన!

అట్ల చూడకుండ్రి. చెప్త, వినుండ్రి.

స్కాలర్‌షిప్ ఆగినంక మేడ్చల్‌ల మా ఏజాజ్ మామ నెట్ సెంటర్ల కూసున్న. ఆన్‌లైన్‌ల పని ఇచ్చే సైటు, 'నీకేం వస్తది?' అని అడిగింది. ఫిలాసఫీ అని కొట్టిన. టైపింగుకు వంద పనులున్నయి, దీనికి ఒక్కటే: అసైన్‌మెంట్లు రాసిచ్చుడు. పేజీకి నూటయాభై. సిగ్గు పడాలె గద? సంబురపడ్డ! నా చదువుకు గూడ ఒక ధర ఉన్నదని.

ముందుగాల కొత్తగనే రాసిన. తర్వాత తీరికేది? చేతిల ఉన్న అధ్యాయాన్నే ముక్కలు చేసిన.

మా అబ్బా ముచ్చట మీకు చెప్పలే. శామీర్‌పేట కాడ మూడెకరాలుండె. కొంచెం కొంచెం అమ్ముకున్నడు. ఇప్పుడక్కడ విల్లాలు, ఆ గేటుకే ఆయన వాచ్‌మన్. ఓ దినం డ్యూటీ లేదు, తను తవ్విన బాయిని చూసొద్దామని పోయిండు. రిజిస్టర్ల పేరు రాయమన్నరట. 'ఎవరింటికి?' అన్న గడి కాడ పెన్ను ఆగిపోయిందట.

నేనేమన్ననో తెలుసా? "అమ్మేటప్పుడు తెలివి యాడికి వోయింది అబ్బా?" అన్న. చదువుకున్న బిడ్డను గద మరి!

మీరు పెట్టిన ఫారం చదివిన. 'ఇతరుల రాతలు అజాగ్రత్తగా వాడుకున్నాను, క్షమించండి.' దీని మీద సంతకం పెడితే ఆర్నెల్లకు థీసిస్ మళ్ల ఇయ్యొచ్చు. నేనే రాసి నేనే అమ్మిన అంటే పట్టా లేదు, లెక్చరర్ కొలువు లేదు. అంతే గద?

ఆ అధ్యాయం దేని మీదనో యాదికున్నదా మేడం?

లేదా? మేలు జరుగుతదంటే అబద్ధమాడొచ్చా, అని. ఆడొద్దని ముప్పై పేజీలు రాసిన.

పోనియ్యుండ్రి. మూడుసార్లు మీ బల్ల మీద పెట్టిన. మూడుసార్లు కట్టిన దారం కట్టినట్టే తిరిగొచ్చింది.

మిమ్ముల అంటలేను మేడం, నాకు కోపం ఎక్కడిది? ఒక్క మాట చెప్పి సంతకం పెడ్త. పైసల కోసమే అమ్మలే నేను. మొదటి ముక్క కొన్న పోరడు జవాబు రాసిండు: 'రెండో పేజీలో మీ వాదన తప్పు, ఎందుకంటే' అని పది లైన్లు. ఏడ్సిన మేడం! నా రాత మీద నాతోటి ఒక మనిషి కొట్లాడిండు. అందుకే వానికే ఇంకో ముక్క ఇచ్చిన. ఇంకోటిచ్చిన.

నా అధ్యాయం పూర్తిగ చదివింది ఇద్దరే. కొన్న ఆ పోరడు, పట్టుకున్న మీ మిషను.

పెన్నియ్యుండ్రి. ఎక్కడ, ఇక్కడనా?

పైన ఒక గడి ఉన్నది మేడం. 'అసలు రచయిత పేరు.' ఇందుల ఏం రాయాలె?

మీకూ తెల్వదా? మా అబ్బా ఆ రోజు అడ్డగీత గీసి లోపలికి పోయిండట.

నేను గూడ గీతే గీస్తున్న.