ఉప్పునీళ్ల ఎలుక

విన్నిపెగ్‌లో ఆ భార్యాభర్తల వాదన పొద్దున్నుంచీ తెగలేదు.

"జనం ఎలుకలు పోవాలని బోన్లు పెడతారు. నువ్వు లాబ్ నుంచి ఒకదాన్ని మోసుకొస్తానంటావేం?"

"ప్రయోగం అయిపోయింది. ఎవరూ పెంచుకోకపోతే రేపు చంపేస్తారు."

"మా అమ్మ వేసుకునే మతిమరుపు మందు దీనికే ఇచ్చారా?"

"లేదు. అది భయం కూడా తగ్గిస్తుందేమోనని మిగతావాటికిచ్చాం. దీనికి ఉత్త ఉప్పునీళ్లే. అవి ధైర్యంగా తిరుగుతుంటే ఇది మూలన వణుకుతూ కూచుంది. దీనితో పోల్చి చూశాకే మందు పనిచేసిందని తేలింది."

అతను కిటికీలోంచి చూశాడు. భయంతో నెలల తరబడి గడప దాటని తల్లి, ఆ మందు మొదలెట్టాక, పిల్లలతో మంచులో నడుస్తోంది.

"పాపం, మనకోసం భయపడిందన్నమాట."

వాళ్లు లోపలికి రాగానే మెల్లగా చెప్పాడు.

"అమ్మా, ఓవెన్, టెస్! రేపు మనింటికో చుట్టం వస్తోంది. కాస్త బెదురెక్కువ. ఎవరూ గట్టిగా అరవకండి."