వంతెన అవతల చెల్లని పర్మిటు

దాచుకున్నవాళ్లని వదిలేసి, చెప్పినవాళ్లకి బేడీలా లాయరు బాబూ? సంచిలో తుపాకీ ఉందని ఆ పోలీసుపిల్లకి నా అంతట నేనే కదా చెప్పాను.

అదే కొంపముంచిందంటావు. ఏం చెయ్యను, అలవాటు. మా పెన్సిల్వేనియాలో పోలీసు కారాపితే చేతులు రెండూ స్టీరింగు మీద పెట్టి, "ఆఫీసరుగారూ, తుపాకీ ఉంది, పర్మిటు కూడా ఉంది" అని ముందే చెప్పేస్తాం. పాపం వాళ్లు బెదరకూడదని. వెనక లైటు బాగు చేయించుకోమని చెప్పి పంపేస్తారు. ఈ పిల్లేమో "సారీ అండీ" అంటూనే బేడీలేసింది.

మాకూ న్యూజెర్సీకీ మధ్య ఆ డెలావేర్ నది ఎంతని? రేడియోలో పాట సగం అవకుండానే వంతెన దాటేస్తాం. నా డ్రైవింగు లైసెన్సు న్యూజెర్సీలో చెల్లుతుంది, నా పెళ్లి చెల్లుతుంది, పర్మిటు మాత్రం చిత్తుకాగితమట. కట్లు కోసే మడతకత్తిని కూడా తిప్పి తిప్పి చూశారు. దాన్ని మాత్రం పోనీలే అన్నారు.

షికారుకేం వెళ్లలేదు బాబూ. అవసానంలో ఉన్నవాళ్లని ఇళ్లకెళ్లి చూసుకునే నర్సుని. వంతెన అవతల ఒక ముసలాయనకి నొప్పి మందు ఎక్కించే పంపు ఆగిపోయిందని ఫోనొస్తే ఉన్నపళంగా బయల్దేరాను. ఇప్పుడు నేరం రుజువైతే నర్సు లైసెన్సు పోతుంది. ఈ వయసులో ఇంకే పని చేతనవుతుంది నాకు?

అవతల చెల్లదని ఎవరూ చెప్పలేదంటే సర్కారు వకీళ్లు మెత్తబడతారంటావు. ఎలా అనను? తుపాకీ క్లబ్బులో ఆ పాఠం చెప్పేదే మా ఆయన. ఊళ్లో సగంమంది వెండెల్ దగ్గర నేర్చుకున్నవాళ్లే. "వంతెన ఎక్కకముందే గుళ్లు తీసెయ్యండి, పెట్టెలో పెట్టి తాళమెయ్యండి, డిక్కీలో పెట్టండి" అని ప్రతి క్లాసులోనూ గొంతు చించుకుంటాడు.

ఏమిటీ, ఇక్కడికొచ్చాడా? ఎప్పుడు, పొద్దునా?

ఆ ముక్క తనెప్పుడూ క్లాసులో చెప్పలేదని రాసి సంతకం పెడతానన్నాడా. మా వెండెలే?

నాతో ఒక్క మాటైనా అనలేదు బాబూ. టోస్టు తిని, మేకులు కొనుక్కొస్తానని వెళ్లాడు. అంతే.

అలా సంతకం పెట్టాక ఆయన క్లాసుకి ఎవరొస్తారు? క్లబ్బులో తలెత్తుకోగలడా? తుపాకీకి తాళమెయ్యలేదని సొంత తమ్ముణ్ణే అందరి ముందూ దులిపేసిన మనిషి. నా ఉద్యోగం కోసం తన పరువు తానే తీసుకుంటానన్నాడు, పిచ్చి మారాజు.

వద్దు. ఆయన సంతకం తీసుకోకు. పోయేదేదో నాదే పోనీ.

అసలు సంగతి చెప్తాను, రాసుకో. ఆ క్లాసులో వెనకాల కాఫీ పోసేది నేనే. ఆయన వంతెన మాటెత్తాడంటే ఇక కాఫీ బ్రేకే అని కప్పులు సర్దుకోవడంలో పడేదాన్ని. చెప్పాడు బాబూ. ఇన్నేళ్లూ చెబుతూనే ఉన్నాడు. మొగుడు చెప్పేదే కదా అని నేనే వినలేదు.