గడుగ్గాయి అండ్ సన్స్

కుర్చీలకూ సోఫాలకూ కొత్త గుడ్డ వేసే కొట్టు, వెనక గది. కుట్టుమిషను బల్ల మీద లాప్‌టాప్. దాని ముందు అక్క, ఆమె వెనక తమ్ముడు. మూలన, బోర్లించిన సోఫా దగ్గర, వాళ్ళ అమ్మ.

"మెల్లగా కొట్టక్కా, అది కీబోర్డు. సుత్తి పట్టిన చేత్తో బాదితే పేర్లు రాలవు."

"నువ్వు నా భుజం మీంచి తొంగిచూడకు. మెడకి ఊపిరి తగులుతోంది."

"నా కొట్లో నేను ఎక్కడైనా నిలబడతాను."

"నీ కొట్టా? ఎప్పట్నుంచిరా నీ కొట్టు?"

"బోర్డు మీద రాసుంది, బయటికెళ్ళి చదువుకుని రా. 'గడుగ్గాయి అండ్ సన్స్'. సన్స్ అంటే కొడుకులు. అక్కలు కాదు."

"కొడుకులట కొడుకులు! నాన్నకి కొడుకువి నువ్వొక్కడివేగా? సన్ నువ్వయితే, ఆ చివర 'స్' ఎవర్రా?"

"అది మర్యాదకి. 'గారు' లాంటిది."

"నీకు మర్యాదొకటి! ఆ 'స్' నేను. పొద్దున్నుంచి సాయంత్రందాకా స్ప్రింగులు కట్టి కట్టి వేళ్ళు కాయలు కాశాయే, ఆ 'స్'ని నేను. నువ్వు గల్లాపెట్టె దగ్గర ఫ్యాను కింద కూర్చున్న సన్నువి."

"గల్లా దగ్గర కూర్చోవడం పని కాదా? వచ్చినవాళ్ళతో నవ్వుతూ మాట్లాడాలి. నువ్వు మాట్లాడితే సోఫా తెచ్చినవాడు సోఫా ఇక్కడే పడేసి పారిపోతాడు."

"అమ్మా, విన్నావా వీడి మాటలు?"

"ఊఁ."

"ఊఁ ఏమిటి? నోట్లో మేకులు తీసి మాట్లాడు."

"ఊఁహూఁ."

"చూశావా, అమ్మ కూడా నీ వైపు లేదు."

"నీ వైపు ఉందని ఎప్పుడంది? సరే, కోపం పక్కన పెట్టి చెప్తున్నాను, చెవిలో వేసుకో. సినిమా హాలాయన ఏమన్నాడు? హాల్లో ఉన్న కుర్చీలన్నిటికీ కొత్త ఫోము, కొత్త గుడ్డ. ఇలాంటి పని మన కొట్టు పుట్టాక ఎప్పుడైనా వచ్చిందా?"

"రాలేదు."

"రిజిస్టరైన పేరు చూపిస్తేనే కాగితం రాస్తానన్నాడు. బోర్డు చూసి పనివ్వను అన్నాడు. నాన్న ఉన్నన్నాళ్ళూ పేర్లు నమోదు చేసే ఆ రాష్ట్ర రిజిస్ట్రీ గడప తొక్కలేదు. ఇప్పుడు నేను తొక్కుతున్నాను. నాన్న పేరుతో, నా కంపెనీ."

"అదే కుదరదంటున్నాను. పని కావాలా, తీసుకుపో. వీధి చివర వేరే కొట్టు పెట్టుకో. పేరు మాత్రం ముట్టుకోకు. తండ్రి పేరు కొడుకుది."

"పేరు నువ్వుంచుకుని పని నాకిస్తావా? పాలు తాగేసి గిన్నె దానం చేసినట్టుంది. గడుగ్గాయి అంటేనే కదరా ఆయన ఫోన్ చేసింది! ఆ పేరు లేకపోతే నా మొహం చూస్తాడా?"

"మొహం చూసి ఇచ్చే పనయితే నాకే ఇస్తాడు."

"నీ మొహానికి అద్దం కూడా మొహమాటపడుతుంది. ఇదుగో కొట్టాను. 'గడుగ్గాయి అండ్ డాటర్'. చూసుకో."

"ఆలూ లేదు చూలూ లేదు, కూతురి పేరు సోమలింగం!"

"నోర్ముయ్. తిరుగుతోంది."

"ఏం తిరుగుతోంది?"

"చక్రం. అదీ నీలాగే, ఒక పని చెప్తే ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. ఆఁ, వచ్చింది."

"ఏమని? చదువక్కా!"

"'ఈ పేరు అందుబాటులో లేదు.'"

"హమ్మయ్య."

"హమ్మయ్య ఏమిట్రా హమ్మయ్య? ఉండు, కింద ఇంకేదో ఉంది. 'మీరు కోరిన పేరుకు మిక్కిలి దగ్గరగా ఉన్న పేరు ఇప్పటికే నమోదై ఉన్నది. సన్స్, డాటర్స్, బ్రదర్స్, ఫ్యామిలీ, కంపెనీ మొదలైన పదములు పేర్ల మధ్య తేడాగా పరిగణింపబడవు.'"

"తెలుగులో చెప్పు."

"కొడుకన్నా కూతురన్నా వాళ్ళకి ఒకటేనట. ఆ తోకలన్నీ కోసేసి ముందున్న మాట ఒక్కటే చూస్తారట."

"కొడుకూ కూతురూ ఒకటా? ఎవడన్నాడా మాట?"

"రిజిస్ట్రీ అంది. కొడుకూ కూతురూ ఒకటే అన్న ఆఫీసు ఇన్నాళ్ళకి లోకంలో ఒక్కటి దొరికింది, అదీ నా నోటి దగ్గర ముద్ద లాగెయ్యడానికి! ఉండు... ఉండు. దగ్గరగా ఉన్న పేరు నమోదై ఉంది అంటున్నాడు. ఒరే."

"ఏం?"

"ఎప్పుడు చేయించావు?"

"ఏమిటి చేయించేది?"

"గడుగ్గాయి అండ్ సన్స్. నాకు తెలియకుండా నీ పేరు మీద ఎప్పుడు చేయించావురా, తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడా?"

"నేనా?"

"'నేనా' అనకు. ఆ గొంతు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. బెల్లం డబ్బా ఖాళీ అయినప్పుడు కూడా 'నేనా' అనే అన్నావు."

"నేను చేయించలేదు."

"ఒట్టెయ్యి."

"ఒట్టు."

"దేని మీద?"

"ఈ... ఈ లాప్‌టాప్ మీద."

"అది నాది! అమ్మ మీద వెయ్యి. అమ్మ తల మీద చెయ్యి పెట్టి చెప్పు."

"నన్ను లాగొద్దు మధ్యలోకి."

"మేకులు తీశావే అమ్మా!"

"అయిపోయాయి. వాడు నిజమే చెప్తున్నాడు, వదిలెయ్యవే."

"నిజమని నీకెలా తెలుసు?"

"కన్నదాన్ని కాదూ."

"నన్ను మాత్రం కొట్టుకి అద్దెకి తెచ్చుకున్నావా? నా మాట ఎప్పుడైనా నిజమన్నావా?"

"అక్కా, అమ్మ మీద అరవకు. నేను చేయించలేదు. చేయించ... బోయాను."

"ఆఁ! అదీ సంగతి! ఇప్పుడు బయటికొస్తోంది."

"పోయిన వారం. 'గడుగ్గాయి ఇంటీరియర్స్' అని కొట్టి చూశాను. ఇదే ముక్క వచ్చింది. అందుబాటులో లేదట. ఇంటీరియర్స్ కూడా తోకేనట. నువ్వే చేయించుకుని నంగనాచిలా తిరుగుతున్నావనుకున్నాను. వారం రోజులుగా నిన్ను చూస్తే ఒళ్ళు మండిపోతోంది."

"అందుకా నా స్టేపుల్ గన్ దాచావు?"

"గల్లాపెట్టె కింద ఉంది. తీసుకో."

"వారం నుంచి వెతుకుతున్నానురా! డాక్టరుగారి సోఫాకి సుత్తితో మేకులు కొట్టి కొట్టి బొటనవేలు చూడు, వంకాయలా ఎలా నల్లబడిందో! అంటే పేరు పోయిందని నీకు ముందే తెలుసు. తెలిసీ ఇందాకట్నుంచి వెనక నిలబడి తమాషా చూస్తున్నావు."

"నీ మొహంలో దొంగతనం కనపడుతుందేమోనని చూశాను."

"కనపడిందా?"

"లేదు. అదే నా బాధ. నువ్వు కాదు, నేను కాదు. అయితే మీ ఆయన."

"మా ఆయనా? ఆయనకి చెప్పులు ఎక్కడ విడిచాడో గుర్తుండదు, రిజిస్ట్రీకి వెళ్తాడా? మీ ఆవిడని అడుగు. పండక్కీ పబ్బానికీ కనపడని మనిషి పోయిన నెలలో కొట్టుకొచ్చి బోర్డుకి ఫొటో తీసుకుంది."

"మా ఆవిడ జోలికి రాకు."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం?"

"నువ్వు అసలు..."

"ఆపండి. ఇక్కడ లేనివాళ్ళ మీద పడి ఏడవకండి. ఎవరో తీసుకున్నారు, పోయింది. చెరొక పేరు చూసుకోండి. మంచి మంచి పేర్లు బోలెడున్నాయి. పూల పేర్లు పెట్టుకోవచ్చు."

"పూల పేరు పెట్టుకుని కుర్చీలమ్ముకోమంటావా అమ్మా? నువ్వూరుకో. ఇది నీకు తెలిసే వ్యవహారం కాదు."

"అక్క చెప్పింది నిజమే, నువ్వు నీ పని చూసుకో అమ్మా."

"అవునులే. నాకేం తెలుసు."

"ఇక్కడ 'వివరాలు' అని ఉందిగా, నొక్కక్కా. ఎవడో తేలిపోతుంది."

"నొక్కుతున్నాను. 'మీరు మనిషే అని నిరూపించుకోండి'ట."

"అది నీకు కష్టమే."

"నీ సలహా ఎవడడిగాడు? 'బస్సులున్న బొమ్మలను ఎంచుకోండి.' ఇది బస్సా, లారీయా?"

"లారీ."

"కిటికీలున్నాయిరా, బస్సు."

"డ్రైవరు కిటికీ అది. లారీ అంటుంటే!"

"బస్సే. నొక్కాను... తప్పట. మళ్ళీ ఇచ్చాడు."

"చెప్పానా? చిన్నప్పట్నుంచీ నా మాట విన్నదెప్పుడు!"

"అమ్మాయ్, ఎందుకే అంత శ్రమ. మూసెయ్. టీ పెడతాను, తాగి వెళ్ళండి ఇద్దరూ."

"టీ వద్దు, గీ వద్దు. వాడెవడో తెలియాలి. తెలిశాక ఈ సుత్తి పట్టుకుని వాడి కొట్టుకి పోతాను."

"నేనూ వస్తాను. చచ్చిపోయిన మనిషి పేరు కాజేసిన వెధవ, పురుగులు పట్టి..."

"తిట్లు కాస్త తగ్గించరా."

"నీకెందుకమ్మా నొప్పి? మా నాన్న పేరు మింగినవాణ్ణి ముద్దుపెట్టుకోమంటావా?"

"ష్! తెరుచుకుంది. పేరు... 'గడుగ్గాయి'."

"గడుగ్గాయి అండ్?"

"అండ్ లేదు. ఒట్టి గడుగ్గాయి."

"యజమాని?"

"ముందు అడ్రసు చదువుతాను, విను. వీధి మనదే. నంబరు మనదే."

"అంటే ఈ కొట్టే! ఇంత నాటకమాడి చివరికి నువ్వే..."

"నేను కాదురా! ఈ పేరు... ఒరే, ఇది అమ్మ పేరు."

"ఏ అమ్మ?"

"నీకెంతమంది అమ్మలున్నార్రా? ఇదుగో, ఈ మూలన సోఫా వెనక దాక్కున్న అమ్మ!"

"అమ్మా?"

"ఊఁ."

"ముందు నోట్లో మేకులు ఉమ్మెయ్!"

"నోట్లో ఏమీ లేవు. అడగండి."

"ఎప్పుడు చేశావీ పని?"

"మీరిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చారే నా దగ్గరికి. 'సాక్షి సంతకం పెట్టమ్మా, అక్కకి చెప్పకు.' 'సంతకం పెట్టమ్మా, వాడికి చెప్పకు.' ఆ మర్నాడు బస్సెక్కి వెళ్ళాను. కౌంటర్లో పిల్ల, 'గడుగ్గాయి అండ్... అండ్ ఏం రాయమంటారండీ?' అంది. అండూ లేదు గిండూ లేదు, అంతవరకే రాయమన్నాను."

"ఒక్క మాట చెప్పలేదు! మేం కుక్కల్లా కొట్టుకుంటుంటే సోఫా వెనక కూర్చుని వింటున్నావు!"

"చెప్పాలనే అనుకున్నాను. నోరు తెరిచినప్పుడల్లా ఊరుకోమన్నారు."

"మరి సినిమా హాలు పని?"

"నిన్న కాగితం రాసుకొచ్చాను. స్ప్రింగులు దానివి, మాటలు నీవి. ఇద్దరికీ ఇష్టమైతే చెయ్యండి. లేకపోతే లాప్‌టాప్ మీ ముందే ఉంది, వేరే పేర్లు కొట్టి చూసుకోండి."

"అది నాన్న పేరమ్మా! ఏం హక్కుందని రాయించుకున్నావు? కొడుకుని నేనుండగా..."

"కూతుర్ని నేనుండగా..."

"ఇంతసేపటికి ఇద్దరూ ఒకే రాగం అందుకున్నారే."

"వెటకారాలొద్దు. ఇంత మోసం పరాయివాళ్ళు కూడా చెయ్యరు. ఊరంతా నాన్నని గడుగ్గాయిగారూ, గడుగ్గాయిగారూ అని పిలిచేది. ఆ పేరు చూసి కదూ జనం మన గడప తొక్కింది! పోయిన మనిషి పేరు నీ ఒక్కదాని కొంగున ముడేసుకుంటావా?"

"ఊరు బోర్డు చదివి పిలిచింది. మీరూ బోర్డే చదివారు. మీ నాన్న గడుగ్గాయా? గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి. పిల్లి ఎదురొస్తే పిల్లికి దారిచ్చి గోడకి ఆనుకుని నిలబడే మనిషి. ఇచ్చిన గుడ్డ తక్కువైందని అడగడానికి కూడా నన్నే పంపేవాడు. ఆయనలో గడుగ్గాయితనం ఏ మూల చూశారు?"

"మరి బోర్డు మీద..."

"కొట్టు తెరిచిన రోజున బోర్డు రాసేవాడు పేరు చెప్పమంటే, మీ నాన్న నా వైపు చూసి నవ్వాడు. అప్పటికి సన్నూ లేదు, డాటరూ లేదు. ఆ తోక తర్వాత అతికించింది, రంగులో తేడా తెలియడం లేదూ?"

"అమ్మా, అంటే..."

"కాపరానికొచ్చిన రోజు నుంచీ ఆయన నన్ను పిలిచింది ఆ పేరుతోనే. తలుపేసుకున్నాక. మీ ముందు కాదు."

"నువ్వెప్పుడూ చెప్పలేదే మాకు."

"మీరెప్పుడడిగారు? అమ్మా మేకులివ్వు, అమ్మా టీ పెట్టు, అమ్మా సంతకం పెట్టు. ఆయన పోయినప్పట్నుంచీ నన్ను పేరు పెట్టి పిలిచే మనిషే లేడు ఈ కొంపలో. మొన్న రిజిస్ట్రీ నుంచి ఎవరో కుర్రాడు ఫోన్ చేసి, 'గడుగ్గాయిగారేనాండీ మాట్లాడేది?' అన్నాడు. అవును బాబూ, నేనే, అన్నాను."