మూడో కుర్చీ

తల అడ్డంగా ఊపితే సరిపోదండీ, పత్తి గట్టిగా కొరికి పట్టుకోమన్నారు. పన్ను పీకిన డాక్టరు గారు చెప్పింది నేనూ విన్నాను. నర్సమ్మ వచ్చి తియ్యమనేదాకా నోరు తెరవకూడదు, ఉమ్మకూడదు, మాట్లాడకూడదు. మాట్లాడకూడదన్నది మీకు. నాకు కాదు.

ఏంటా చూపు? నాకిలాంటి అవకాశం మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది చెప్పండి. మీరు ఈ బెంచీ మీంచి లేవలేరు, "సర్లే" అనలేరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే కదా, నేనేదో మొదలుపెట్టడం, మీరు "సర్లే" అనడం, నేను వంటగదిలోకి పోవడం. ఇవాళ ఆ "సర్లే"కి పత్తి అడ్డం పడింది.

విషయం ఏంటంటే, ఈ ఆదివారం మీరు నాతో ధ్యానం క్లాసుకి రావాలి.

అదిగో, కనుబొమలు అప్పుడే పైకెళ్ళాయి. ధ్యానం చెయ్యక్కర్లేదు లెండి, వచ్చి కూర్చుని టీ తాగితే చాలు. ఎందుకు రావాలో మొదట్నుంచీ చెప్తాను, లేకపోతే మీకు కోపం వస్తుంది. మొదట్నుంచీ చెప్పినా వస్తుందనుకోండి.

నేనసలు ఆ క్లాసులో ఎందుకు చేరానో మీకు తెలుసా? కరెంటాఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తడం నా ఉద్యోగం. ఊళ్ళో కరెంటు పోయిన ప్రతివాడూ ఆ తీగలన్నీ నేనే తెంపినట్టు తిడతాడు. "మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నామండీ" అని తియ్యగా అనాలి. ఆ తీపంతా అక్కడే ఖర్చయిపోయి, ఇంటికొచ్చి గిన్నెల మీదా తలుపుల మీదా పడుతున్నాను. ఒకరోజు ఫోన్లో ఎవరో పెద్దాయన పాపం మర్యాదగా మాట్లాడాడు. అంతే, భోరుమని ఏడ్చేశాను. పక్క సీటావిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చేర్పించింది.

ఆ క్లాసు పిండిమర మీద మేడగదిలో. చెప్పేది ఒక బౌద్ధ భిక్షుణి గారు. గుండు చేయించుకుని, ఎర్రమట్టి రంగు బట్ట కట్టుకుని, చూడ్డానికి బొమ్మలా ఉంటారు గానీ లోపల మహా చిలిపి. మొదటిరోజు "ఊపిరి వస్తోంది, పోతోంది, దాన్ని చూస్తూ ఉండండి, సరిచెయ్యబోకండి" అన్నారు. కింద మర గరగరా తిరుగుతోంది, నేలతోపాటు నా వెన్ను కూడా అదురుతోంది, ముక్కునిండా పిండి. తుమ్మొస్తే ఏం చెయ్యాలమ్మా అని అడిగాను. దాన్నీ గమనించు తల్లీ అన్నారు. గమనించేలోపే వచ్చేసింది. ముందు వరసలో ఆయన గుండె పట్టుకున్నాడు.

నవ్వకండి, నెత్తురొస్తుంది.

సరే, ఊపిరి కాస్త కుదిరాక మైత్రీ భావన అని మొదలుపెట్టారు. మనసులో నాలుగు కుర్చీలు వేసుకోవాలి. ఒక్కో దాంట్లో ఒక్కొక్కర్ని కూర్చోబెట్టి, "మీరు సుఖంగా ఉండాలి, మీకు భయం లేకుండా ఉండాలి, మీకు నొప్పి లేకుండా ఉండాలి" అని మనస్ఫూర్తిగా కోరుకోవాలి. మొదటి కుర్చీ మనదే. రెండోది మనకి ప్రాణమైనవాళ్ళది, అందులో మా పిన్నిని కూర్చోబెట్టాను. నాలుగోది మనకి బొత్తిగా గిట్టనివాళ్ళది. దానికి ఆలోచించే పనే లేకపోయింది. మీ అక్కగారు నేను పిలవకముందే వచ్చి కూర్చున్నారు. కుర్చీ సరిగ్గా తుడవలేదని కూడా అన్నారు.

కళ్ళెర్ర చెయ్యకండి. ఆవిడ చల్లగా ఉండాలని నేను రోజూ కోరుకుంటున్నాను. సొంత తమ్ముడు, మీరు కోరుకుంటున్నారా?

చిక్కంతా మూడో కుర్చీతో వచ్చింది.

ఆ మనిషి మీద ఇష్టమూ ఉండకూడదు, కోపమూ ఉండకూడదట. "రోజూ కనబడతారు, మీరే చూడరు. ఎవర్ని తలుచుకుంటే మీ మనసులో తక్కెడ ముల్లు అటూ ఇటూ కదలకుండా మధ్యలో నిలబడిపోతుందో, వాళ్ళని తెచ్చుకోండి" అన్నారు భిక్షుణి గారు. అందరం కళ్ళు మూసుకున్నాం. ఒకావిడకి లిఫ్టు నడిపే అతను వచ్చాడట. గుండె పట్టుకున్నాయనకి పాలప్యాకెట్లు వేసే మనిషి వచ్చాడట. నాకు...

నాకు మీరొచ్చారు.

ఆ చెయ్యి దించండి, చెప్పనివ్వండి. మొదట్లో సర్దిచెప్పుకున్నాను, ఆవిడ ముల్లు అన్నారు కాబట్టే మీరొచ్చారని. కాటాలు బాగుచేసే మనిషి మీరు, మనింట్లో ముల్లు గురించి మాట్లాడుకోని రోజుందా? పైగా ముల్లు మధ్యలో నిలబడిందంటే కాటా నిక్కచ్చిగా ఉన్నట్టు. అంతకంటే మెచ్చుకోలు ఏముంది అనుకున్నాను. అనుకుని, ఎందుకైనా మంచిదని మిమ్మల్ని లేపి, మా ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్‌ని కూర్చోబెట్టాను. ఆయన కూర్చుంటేగా. మళ్ళీ మీరే వచ్చారు, చేతిలో స్క్రూడ్రైవరుతో, ఏమీ అడక్కుండా. కోపం వచ్చిందేమోనని చూసుకున్నాను, రాలేదు. ఇష్టం కలిగిందేమోనని వెతుక్కున్నాను. ఊహూఁ. అప్పుడు భయమేసిందండీ.

ఇంటికొచ్చి మీకేమని చెప్పను? "ఏమండీ, ఇవాళ మిమ్మల్ని పాలప్యాకెట్లతనితో పాటు కూర్చోబెట్టాను" అనా?

ఎలాగూ కూర్చున్నారు కదా అని మీకే మొదలుపెట్టాను. సుఖంగా ఉండాలి అనాలంటే ముందు మొహం గుర్తురావాలి కదా. మీరు పాపిడి ఎటు తీస్తారో గుర్తురాలేదు. ఎడమకా, కుడికా? తెగ ఆలోచించి, ఇంటికొచ్చి చూస్తే అక్కడ పాపిడి లేదు, తియ్యడానికి జుట్టే లేదు. ఎప్పుడు పోయిందండీ అది? నాకో మాట చెప్పాలా వద్దా?

అప్పట్నుంచీ మిమ్మల్ని చూడటం మొదలుపెట్టాను. మీరు పడుకోబోయే ముందు నా చెప్పులు గుమ్మం వైపు తిప్పి పెడతారు, పొద్దున్నే హడావిడిలో కాళ్ళు దూర్చుకుని పరిగెత్తడానికి వీలుగా. ఇన్నేళ్ళూ అవి వాటంతటవే తిరుగుతాయనుకున్నానేమో, ఏమో. అసలు ఏమీ అనుకోలేదు. కాళ్ళు దూర్చాను, పోయాను.

ఇంకోటి కూడా కనబడింది. మీరు అంతా కుడిపక్కే నములుతున్నారు. రొట్టె టీలో నానబెట్టుకుని మింగుతున్నారు. చల్లనీళ్ళు తాగితే ఒక కన్ను మూసుకుంటున్నారు. నేనక్కడ పిండిమర మీద కూర్చుని "మీకు నొప్పి లేకుండా ఉండాలి" అని జపం చేస్తున్నాను, మీరిక్కడ పుచ్చిపోయిన పంటి కింద లవంగం నొక్కుకుని కాటాలు బాగుచేసుకుంటున్నారు. ఇందాక డాక్టరు గారేమన్నారు? "ఇది నిన్నా మొన్నటిది కాదమ్మా, నెలల తరబడి ఓర్చుకుని ఉంటారు" అన్నారు. మీతో అనలేదు. నా మొహంలోకి చూసి నాతో అన్నారు.

అక్కడ పొంగుకొచ్చింది కోపం. ఊరందరి ఫిర్యాదులూ నమోదు చేసుకుంటాను కదండీ నేను, మీ ఒక్కరిదీ చేసుకోనా? ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, "పన్ను నొప్పిగా ఉందే" అంటే మీ సొమ్మేం పోయింది?

కాబట్టి శుభవార్త ఏంటంటే, మీరిప్పుడు మూడో కుర్చీలో లేరు. ఇందాక లోపల డాక్టరు గారి కుర్చీలో మీరు నోరు తెరుచుకుని పడుకుని, నా చెయ్యి పట్టుకుందామా వద్దా అని వేళ్ళు ఆడించి, చివరికి ఆ కుర్చీ చెయ్యే పట్టుకున్నారు చూడండి, అప్పుడే మిమ్మల్ని నాలుగోదాంట్లోకి మార్చేశాను. మీ అక్కగారిని కొంచెం జరగమన్నాను. గొణిగారు గానీ జరిగారు. ముల్లు కదిలిందండీ. ఎటు కదిలితేనేం, కదిలింది.

ఇక ఆదివారం సంగతి. ఎవరి మూడో కుర్చీ మనిషిని వాళ్ళు వెంటబెట్టుకు రావాలట. ఎదురుగా కూర్చోబెట్టి, టీ ఇచ్చి, "మీరెవరు, ఎలా ఉన్నారు" అని అడగాలట. లిఫ్టు మనిషి వస్తాడు, పాలమనిషి వస్తాడు, వాళ్ళ మధ్య నేను మొగుణ్ణి తీసుకుని వెళ్ళాలి. వాచ్‌మన్‌ని అడిగితే సంతోషంగా వస్తానన్నాడు. భిక్షుణి గారికి అబద్ధం చెప్పినా నమ్మేస్తారు. కానీ నాకు మీరే రావాలని ఉంది. నా పరువు పోతే పోయింది. మీరెలా ఉన్నారని ఎవరి ముందైనా సరే కూర్చుని మిమ్మల్ని అడగాలని ఉంది.

ఏంటి, "మ్మ్ మ్మ్" అంటారు? వేలు నావైపు చూపిస్తారేం? నేనేం చేశాను?

ఓహో.

అదా. నువ్వెప్పుడైనా చూశావా అనా? నేను చూడలేదు సరే, మీకెందుకు చెప్పాలనిపించలేదు, అదే కదా అసలు మాట. ఇంట్లో మనిషిని పెట్టుకుని, లవంగాల డబ్బాతో కష్టం చెప్పుకున్నారంటే... మీ మనసులో నేనెక్కడ కూర్చున్నానండీ? నాదీ మూడో కుర్చీయేనా?

అదిగో నర్సమ్మ వస్తోంది. అయిపోయిందా అమ్మా? తీసెయ్యొచ్చా? మంచిది తల్లీ.

తీసెయ్యొచ్చటండీ. మాట్లాడొచ్చట.

ఆగండాగండి, తియ్యకండి. ఇంకాసేపు అలాగే కొరికి పట్టుకోండి. నెత్తురు ఆగే ఉంటుంది లెండి. మీరు చెప్పేది వినేముందు నాకే కాస్త ఊపిరి కుదరాలి.