గంగులు నడుముకి పడిన సూది

ఆసుపత్రి ఎదురుగా నూకయ్య టీ బడ్డీ దగ్గర గంగులు ఆపకుండా మాట్లాడుతున్నాడంటే, భయమేసిందన్నమాటే. పడవ పెద్ద కెరటానికి ఎదురెళ్లేటప్పుడూ అంతే, తోటివాళ్లు అటు చూడకుండా కోతలు కోస్తాడు.

ఇవాళ లోపల ఉన్నది కూతురు ఉష. కాన్పుకి ముందే రోజు చూసుకుని పెట్టుకున్న పెద్దాపరేషన్. పొద్దున్నే మత్తు డాక్టరమ్మ విడమరిచి చెప్పింది: "నడుముకిచ్చే మత్తులో రవ్వంత మార్ఫిన్ కలుపుతాం. రేపటిదాకా కోత నొప్పి అంతగా తెలీదు. దురద రావచ్చు, వాంతి రావచ్చు. ఎప్పుడో ఒకరికి ఊపిరి నెమ్మదిస్తుంది, అందుకే కనిపెట్టుకునుంటాం."

మిగతాదంతా గాలికి పోయింది. ఆ ఊపిరి మాటొక్కటే గంగులు గొంతులో చేపముల్లులా దిగబడింది.

"మార్ఫినంటే నాకు తెలీదేటి? వరిబీజానికి నాకూ ఏసినారు. సూది ఎంతనుకున్నావు? మూరెడు!"

"మూరెడే?" అన్నాడు నూకయ్య టీ తిరగబోస్తూ.

"నా మూర కాదురా, మా తాత మూర! ఏసీసరికి నడుం కింద నేనున్నానో లేనో తెలీదు. కుట్లతోనే లేచి సేపల ఏటకెళిపోనాను. ఆ తర్వాత ఏటైందో తెలుసా? దురద! వీపు పడవకేసి రుద్దితే, దానికంటుకున్న గవ్వలన్నీ రాలిపోనాయి."

"మరి ఊపిరో?" అన్నాడు బల్ల మీది ముసలాయన.

గంగులు గ్లాసు బల్ల మీద పెట్టి ఆసుపత్రి గేటు వైపు చూశాడు.

"ఊపిరా... ఆగిపోనాది. ఆగితే ఏటి? ఇంక గాలితో పనేటని కళింగపట్నంలో మునిగి బారువలో తేలాను! దారిలో సొరసేప నా కాలు పట్టీసింది. నాకు తెలిస్తే కదా! నా కాల్లో మందు దాని దవడకెక్కి, నోరు మూసుకోలేక, నా ఎనకాలే ఒడ్డుకొచ్చీసింది పాపం!"

"సాల్లే సంబడం!" ఆసుపత్రి గేటు దాటి వస్తూనే అందుకుంది పెళ్లాం కూర్మమ్మ. "సూది సూసి బల్ల మీంచి దూకి, ఆసుపత్రి గౌనుతో ఆమదాలవలస టేసన్ దాకా పరిగెట్టినోడివి. ఆ వరిబీజం ఇప్పటికీ నీకాడే ఉన్నాది!"

బడ్డీ అంతా గొల్లుమంది. గంగులు మాత్రం నవ్వలేదు.

"ఒసే... ఉషకి ఊపిరి..."

"ఆడతన్నాది. ఆడపిల్ల పుట్టింది. ముక్కు దురదంట, గోక్కుంటా నిన్నే అడుగుతున్నాది, రా."

గంగులు లేవబోయాడు. కాళ్లు లేవలేదు. మళ్లీ లేవబోయి మళ్లీ కూలబడ్డాడు.

నూకయ్య వచ్చి రెక్క పట్టుకున్నాడు.

"ఏటి మావా, సూది కూతురికేస్తే తిమ్మిరి నీకెక్కిందేటి?"